రిపోర్ట్ వచ్చేలోపు ఏం చేస్తే మేలు, ఏం చేస్తే టెన్షన్ పెరుగుతుంది

నేను టైలర్‌ని. నల్లగొండలో గడియారం సెంటర్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో మా షాపు. పొద్దున మెడలో వేసుకున్న టేపు రాత్రి షటర్ దించేటప్పుడే తీస్తాను. ఒకరోజు ఆ టేపు సర్దుకుంటుంటేనే గొంతు కింద కుడివైపు చిన్న ఉబ్బు చేతికి తగిలింది. శుక్రవారం డాక్టర్ చూసి, స్కానింగ్ తీయించి, “థైరాయిడ్‌లో చిన్న గడ్డ ఉందమ్మా, సూది పరీక్ష చేద్దాం” అన్నారు. సన్న సూది గుచ్చి, వచ్చిన రెండు చుక్కలు గాజు స్లైడ్ల మీద రాశారు. ఐదు నిమిషాల పని. రిపోర్ట్ మాత్రం మంగళవారం అన్నారు.

ఆ నాలుగు రోజుల్లో నేను చేయని పని లేదు. గూగుల్ చూశాను, ఇక చూడనని ఒట్టు పెట్టుకున్నాను, మళ్లీ చూశాను. చెప్పకూడనివాళ్లకు చెప్పాను, చెప్పాల్సిన కొడుకు దగ్గర దాచాను. వీటిలో కొన్ని పనికొచ్చాయి, కొన్ని నన్ను ఇంకా లోపలికి తోశాయి. ఇప్పుడు ఎవరైనా కస్టమర్ “రిపోర్ట్ కోసం చూస్తున్న అక్కా, నిద్ర పడ్తలేదు” అంటే, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చెప్పగలుగుతున్నాను. కొలత ఒక్కటే పెట్టుకున్నాను. ఏ పనైనా చేసిన గంట తర్వాత ఎట్లుందో చూడాలి. చేసిన నిమిషంలో హాయిగా ఉండేవి చాలా ఉన్నాయి. గంట గడిచేసరికి అవే ఇంకోసారి చెయ్యమని పీకుతాయి.

నాలుగు రోజులు ఎందుకు?

మా అక్క బిడ్డ మిర్యాలగూడలో ల్యాబ్ టెక్నీషియన్. శనివారం ఫోన్ చేసి, “ఐదు నిమిషాల్ల తీసిన దానికి నాలుగు రోజులేంది బిడ్డా? ఏమన్న దాస్తున్నరా?” అని అడిగాను.

“చిన్నమ్మా, జాకెట్ కుట్టుడు నీకు గంటన్నర పని. మరి వారం అయినంక రమ్మని ఎందుకంటవ్?” అంది.

నాకు నోట మాట రాలేదు. నా ముందు పదమూడు జాకెట్లు వరసలో ఉంటే, పద్నాలుగోది ఎంత చిన్నదైనా దాని వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. ల్యాబ్‌లోనూ అంతే. పైగా మధ్యలో ఆదివారం.

సూది పరీక్షకు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు చాలు. ముక్క తీసే బయాప్సీ అట్లా కాదు. ఆ ముక్క, పాడవకుండా ఉంచే ఫార్మాలిన్‌లో గంటల తరబడి నానాలి, ఒక్కోసారి రోజంతా. అందులోని నీరంతా తీసి మైనంలో దిమ్మెగా పోయాలి. ఆ దిమ్మెను వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచగా, 3 నుంచి 5 మైక్రాన్ల మందంలో పొరలు తీసి రంగులు వేయాలి. అప్పుడు గానీ పాథాలజిస్ట్ (స్లైడ్లు చూసి జబ్బు తేల్చే డాక్టర్) కళ్లద్దాలు సర్దుకుని చూడటం మొదలవదు. ఇంకో రకం రంగు వేసి చూడాలనుకుంటే ఇంకొన్ని రోజులు. సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షను కల్చర్ అంటారు. మూత్రం కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది. రక్తం కల్చర్‌లో సూక్ష్మజీవి ఏదీ పెరగలేదని చెప్పడానికి దాదాపు ఐదు రోజులు చూస్తారు. టీబీకి జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం రెండు గంటల్లో చెప్పేస్తుంది, అదే టీబీ కల్చర్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా పట్టవచ్చు. ఆలస్యమైందంటే చెడు వార్తే అని మనం అనుకుంటాం గానీ, సగం ఆలస్యాలు నానబెట్టడం, ఆరబెట్టడం, వరస.

కాబట్టి మొదటి ఎంపిక ఆసుపత్రి మెట్లు దిగకముందే ఉంటుంది. “మేమే చెప్తామమ్మా” అన్న మాట పట్టుకుని రావచ్చు, లేదా కౌంటర్ దగ్గర ఇంకో రెండు నిమిషాలు నిలబడి, ఏ రోజు ఎన్ని గంటలకు వస్తుంది, ఎవరు చెప్తారు, ఫోన్‌లోనా నేరుగానా, ఆ టైంకు రాకపోతే ఏ నంబర్‌కు చేయాలి అని అడిగి కాగితం మీద రాయించుకోవచ్చు. నేను మొదటి పని చేశాను. ఫలితంగా శనివారం ఒక్కరోజే రిసెప్షన్ అమ్మాయికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి ఆ అమ్మాయి గొంతులో విసుగు వినిపించి, అదీ ఒక చెడు సూచనగా తీసుకున్నాను! ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం ఇచ్చి, అది తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌కు పోయినా ఇదే మాట. రిపోర్ట్ ఫోన్‌కు వస్తుంది కాబట్టి వాళ్ల దగ్గర రాసిన నంబర్ మీదేనా, ఇంట్లో ఇంకెవరిదైనా ఇచ్చారా అని ఒకసారి సరిచూసుకోండి.

గూగుల్, తెలిసిన నర్సమ్మ, నోట్‌బుక్

శుక్రవారం రాత్రి పడుకుని ఫోన్‌లో థైరాయిడ్ గడ్డ అని కొట్టాను. పావుగంటలో మెడ మీద గాటున్న ఫొటోలు, ఒక ఆకు పసరు వైద్యం, గొంతు పోయిందని ఏడుస్తున్న ఒకావిడ వీడియో అన్నీ చూశాను. మధ్యలో అసలు మాట కూడా కనిపించింది: థైరాయిడ్ గడ్డల్లో నూటికి తొంభై వరకు క్యాన్సర్ కానివే. చదివి ఊపిరి పీల్చుకున్నాను. రెండు నిమిషాలకు, “ఆ మిగిలిన పదిలో నేనుంటే?” అని మళ్లీ వెతికాను. రాత్రి ఒంటిగంటకు కూడా అదే పని. నాకు కావాల్సింది నా గడ్డ సంగతి. నా స్లైడ్లు గూగుల్ దగ్గర లేవు. ఇప్పుడు చాలామంది ఏఐని అడుగుతున్నారు, అది మర్యాదగా మాట్లాడుతుంది, తెలుగులో చెప్తుంది, కానీ స్లైడ్లు దాని దగ్గరా లేవు.

పక్కవీధి నర్సమ్మ గూగుల్ కంటే నయం, మనిషి కాబట్టి ముఖం చూసి మాట్లాడుతుంది. కానీ “ఏం కాదులే అక్కా” అన్న ఆమె మాట నాకు పది నిమిషాలే పనిచేసింది. అదే ప్రశ్న తిప్పి తిప్పి నాలుగుసార్లు అడిగాక ఆమె కూడా చూపు తప్పించింది.

మిగిలింది నోట్‌బుక్. మా కొలతల పుస్తకం చివరి పేజీలో, ప్రశ్న వచ్చినప్పుడల్లా రాయడం మొదలుపెట్టాను. సోమవారానికి తొమ్మిది ప్రశ్నలయ్యాయి. చదివి చూస్తే అందులో నాలుగు ఒకటే ప్రశ్న, మాటలే వేరు. వాటిని కొట్టేశాను. వెతకకుండా ఉండలేని స్వభావం మీదైతే ఒక్కసారి, పగటిపూట, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని చదవండి. తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ పుస్తకంలోకి. నాకు మాత్రం రాత్రి ఫోన్‌తో ఒంటరిగా ఉండటమే అన్నిటికంటే చెడు చేసింది.

టేపు సంగతి

ఇది చెప్పడానికి సిగ్గే, అయినా చెప్తాను. శనివారం పొద్దున అద్దం ముందు నిలబడి టేపుతో నా మెడ కొలిచాను. పదమూడుంబావు. మధ్యాహ్నం మళ్లీ కొలిస్తే పదమూడున్నర. పావు ఇంచు పెరిగిందని కాళ్లు వణికాయి. ఇరవై ఏళ్లుగా కొలతలు తీస్తున్నదాన్ని, టేపు కాస్త వదులుగా పట్టుకుంటే పావు ఇంచు తేడా వస్తుందని నాకు తెలియదా? కస్టమర్ మెడ దగ్గర పనిచేసే బుద్ధి నా మెడ దగ్గర పనిచేయలేదు. కొలవనప్పుడు వేళ్లతో నొక్కి చూసేదాన్ని. సాయంత్రానికి అక్కడ నొప్పి మొదలైంది. సూది గుచ్చిన చోటు, పైగా రోజంతా నొక్కితే నొప్పి రాకపోతే ఆశ్చర్యం. నేను మాత్రం “ఇప్పుడు నొప్పి కూడా వచ్చింది” అని దాన్ని జబ్బు ఖాతాలో వేశాను.

మింగడం కూడా అంతే. మాటిమాటికీ గుటక వేసి చూస్తే నోరు ఎండుతుంది, ఎండిన నోటితో గుటక పట్టినట్టే ఉంటుంది. గడ్డ లేనివాళ్లకు కూడా దిగులులో గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుందట, డాక్టర్లు దాన్ని గ్లోబస్ అంటారని తర్వాత తెలిసింది. రొమ్ములో గడ్డ కనిపించినవాళ్లు, చంక కింద బిళ్ల కట్టినవాళ్లు, బీపీ మిషన్ ఇంట్లో ఉన్నవాళ్లు ఇందులో తేలిగ్గా పడతారు.

అసలు ముట్టుకోవద్దు అన్నది మా ఆయన సలహా. నాకు సాధ్యపడలేదు. రోజుకు ఒక్కసారి, స్నానమయ్యాక, వేలితో మాత్రమే అని పెట్టుకున్నాక అదుపులోకి వచ్చింది. కస్టమర్ లేనప్పుడు టేపు మేకుకు తగిలించడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.

ఎవరికి చెప్పాలి

అందరికీ చెప్పడం, ఎవరికీ చెప్పకపోవడం, ఇద్దరికే చెప్పడం. ఈ మూడు దారులున్నాయి. మొదటిది నేను ఎంచుకోలేదు, అత్తమ్మ ఎంచుకుంది. ఆమె ప్రేమతోనే తన చెల్లెలికి చెప్పింది. ఆదివారం నకిరేకల్‌లో చుట్టాల ఫంక్షన్. అన్నం వడ్డించే లైన్‌లోనే ముగ్గురు నా మెడ వైపు చూశారు. ఒకామె, “మా ఆడబిడ్డకు గిట్లనే చిన్నగ మొదలైంది…” అని మొదలుపెట్టి, నా ముఖం చూసి, “ఆమెకు వేరేలే” అని ఆపేసింది. సగంలో ఆగిన కథ పూర్తి కథ కంటే భయపెడుతుంది. మా అన్న ఫోన్ చేసి “రేపే హైదరాబాద్ పోదాం, బ్యాగు సర్దుకో” అన్నాడు. ఎవరి మీదా కోపం లేదు. కానీ ఒక్కొక్కరి భయాన్ని నేనే సముదాయించాల్సి వచ్చింది.

ఎవరికీ చెప్పకపోవడం మగవాళ్లలో ఎక్కువ చూస్తాను. మా వీధిలో ఒక ఆటో అన్న టీబీ అనుమానంతో కళ్లె పరీక్షకిచ్చి ఇంట్లో చెప్పలేదు. తనకు తానే పళ్లెం వేరు పెట్టుకున్నాడు. నిజానికి టీబీ దగ్గు, తుమ్ముల గాలితో అంటుతుంది, పళ్లెంతో కాదు. భార్యకు కారణం తెలియదు, తన చేతి తిండి నచ్చట్లేదని వారం రోజులు మాట్లాడలేదు. దాచినా ఇంట్లో తెలుస్తుంది, కాకపోతే వేరే రకంగా తెలుస్తుంది.

నేనిప్పుడు చెప్పమనేది ఇద్దరికే. ఒకరు డాక్టర్ గదిలోకి వెంట వచ్చి కుదురుగా వినగలిగినవాళ్లు, ఇంకొకరు వైద్యం కాస్త తెలిసినవాళ్లు. ఆ ఇద్దరికీ ముందే, “మంగళవారం దాకా నువ్వు అడగకు, నేనే చెప్తా” అనాలి. లేకపోతే పూటకోసారి “ఏమన్న తెలిసిందా?” అని ఫోన్ వస్తుంది, అది వచ్చినప్పుడల్లా మళ్లీ శుక్రవారం దగ్గర నుంచి మొదలవుతుంది. పిల్లలకు, వాళ్ల కంట పడినంత మేరకైనా చెప్పేయండి. ఇంటర్ చదివే మా వాడు స్కానింగ్ కవరు చూసి, “నాకెందుకు చెప్పలే అమ్మా?” అన్నాడు. వాడు ఆ రెండు రాత్రులు తన ఫోన్‌లో ఏమేం వెతికాడో నేను అడగలేదు.

చేతికి పని చాలదు

“ఊకె కూసోకు, పని చేస్కో” అని అందరూ చెప్తారు. ఏ పని అని ఎవరూ చెప్పరు.

శనివారం చీరలకు ఫాల్ కుట్టాను. ఇరవై ఏళ్ల అలవాటు, చేతులు వాటంతట అవే పోతాయి. మనసు ఖాళీగా ఉండి మంగళవారానికి పోయింది. మూడో చీరకు నాకు ఆపరేషన్ అయిపోయింది. నాలుగో చీర కొంగు దగ్గరికి వచ్చేసరికి నేను లేకుండా మా బిడ్డ పెళ్లి జరుగుతోంది, తలంబ్రాల చీర ఎవరు కుట్టించారా అని కళ్లు తుడుచుకుంటున్నాను.

సోమవారం ఒక మేడం పట్టు బ్లౌజ్ గుడ్డ తెచ్చింది. ఎనభై సెంటీమీటర్లు. మోచేతుల దాకా చేతులు కావాలి, చేతులకు బార్డర్ రావాలి, వీపు మీద కూడా రావాలి. ఆది జాకెట్ పరిచి చూస్తే గుడ్డ చాలదు. బార్డర్‌ను రెండుగా చీల్చితే? వీపు వైపు అతుకు బార్డర్ కింద దాస్తే? చాక్‌తో గీశాను, తుడిచాను, పేపర్ మీద ముక్కలు కోసి గుడ్డ మీద అటూ ఇటూ జరిపాను. కత్తెర పెట్టేముందు తలెత్తి చూస్తే రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటల్లో నా గొంతు నాకు గుర్తు లేదు. శుక్రవారం తర్వాత అదే మొదటిసారి.

ఇట్లాంటిది ఎదురుచూపుల మీద పరిశోధన చేసినవాళ్లూ చూశారు. అమెరికాలో కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలో లాయర్ పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసేవాళ్లను గమనించింది. దిగులు మొదట్లోనూ, ఫలితం దగ్గర పడ్డాకా ఎక్కువగా ఉంటుంది, మధ్యలో కాస్త తగ్గుతుంది. ఆలోచించొద్దని తమకు తాము చెప్పుకోవడం, అంతా మంచే అని నచ్చచెప్పుకోవడం వాళ్లకు పెద్దగా పనిచేయలేదు. మనసంతా పట్టేసే పనిలో మునిగినవాళ్లకు ఆ రోజులు కాస్త తేలికయ్యాయి. ఇంకో మాట కూడా ఉంది, అది నాకు నచ్చింది: బాగా దిగులుపడ్డవాళ్లు చెడు ఫలితాన్ని కాస్త కుదురుగా తీసుకున్నారు, మంచి ఫలితానికి ఎక్కువ సంతోషపడ్డారు. కాబట్టి దిగులుపడుతున్నందుకు ఇంకో దిగులు అక్కర్లేదు.

పని ఎంచుకునేటప్పుడు తేడా ఇక్కడే ఉంది. పత్తి ఏరడం ఒంటరిగా అయితే ఫాల్ కుట్టడం లాంటిదే, పదిమందితో మాట్లాడుతూ ఏరితే వేరు. బత్తాయి తోటలో ఏ కొమ్మ ఉంచాలి ఏది కోయాలి అని చూస్తూ కత్తిరించడం నా పట్టు బ్లౌజ్ లాంటిది. పిల్లవాడికి లెక్కలు చెప్పడం, చీటీల లెక్క సరిచూడటం, ఎప్పుడూ చేయని వంట చేయడం ఇవన్నీ పనికొస్తాయి. టీవీ సీరియల్ నాకు పనికిరాలేదు, యాడ్ రాగానే మనసు జారిపోయేది. రాత్రి నిద్ర లేకుండా లారీ, ఆటో నడిపేవాళ్లు, మిల్లులో మిషన్ మీద పనిచేసేవాళ్లు మాత్రం ఒకరోజు సెలవు పెట్టడమే మంచిది.

రాత్రి

పగలు ఎట్లాగో గడుస్తుంది. రాత్రి పదకొండు దాటాక ఎదురయ్యే దారుల్లో రెండు ప్రమాదకరమైనవి, మా దిక్కు ఆ రెండూ చేతికందే దూరంలో ఉంటాయి.

ఒకటి, చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్ర గోలీ. ఆల్ప్రజోలం లాంటివి డాక్టర్ రాస్తేనే అమ్మాల్సిన మందులు. అవి పనిచేస్తాయి, వెంటనే పనిచేస్తాయి, ఇబ్బందంతా అందులోనే ఉంది. నాలుగు రోజుల ఎదురుచూపు అయిపోయాక కూడా గోలీ అలవాటు పోదు. రెండోది కల్లు, మందు. “కాస్త తాగి పడుకో, నిద్ర పడ్తది” అని ప్రేమగా చెప్పేవాళ్లున్నారు. తాగినవాడికి కన్ను తొందరగా మూతపడుతుంది, నడిరాత్రి మెలకువ వస్తుంది, ఆ మెలకువలో భయం రెట్టింపు. పైగా పాలమూరు, నల్లగొండ వైపు కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి పట్టుబడిన కేసులు ఎన్నో. అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్ వచ్చి దవాఖానలో చేరారు. (డాక్టర్ రాసిన గోలీలు ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఇది చదివి మీ అంతట మీరు ఆపొద్దు, అదీ ప్రమాదమే.)

నేను చేసిన వాటిలో మూడు నిలబడ్డాయి. సాయంత్రం ఐదు తర్వాత టీ మానేశాను, షాపులో ఉండేదాన్ని కాబట్టి ఇదే అన్నిటికంటే కష్టమైంది. ఫోన్ ముందు గదిలో చార్జింగ్‌కు పెట్టాను. ఇక సాయంత్రం ఆరున్నరకు షాపు మెట్టు మీద అరగంట కూర్చుని, కావాలనే దిగులుపడ్డాను. దీన్ని మనస్తత్వ నిపుణులే చెప్తారు: రోజూ ఒకే చోట, ఒకే టైంకు దిగులుకు వేళ ఇవ్వడం. నడిరాత్రి ఆలోచన వస్తే “నీ వంతు రేపు ఆరున్నరకు” అనుకోవాలి, కస్టమర్‌కు డేట్ ఇచ్చినట్టు. మొదటిరోజు నవ్వొచ్చింది. రెండోరోజు పది నిమిషాలకే దిగులుపడటానికి కొత్త విషయం దొరకలేదు.

ఆదివారం రాత్రి మాత్రం ఇవేవీ పనిచేయలేదు, గుండె దడదడలాడింది. 14416కు ఫోన్ చేశాను. అది టెలి మానస్, కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. గడ్డ గురించి వాళ్లేమీ చెప్పరు, నేనూ అడగలేదు. నిద్ర, తిండి గురించి అడిగి, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత పీల్చి నోటితో ఆరు లెక్కపెట్టేంత వదలమని నాతో పాటు చేయించారు. తెలిసినవాళ్లకు చేసే ఫోన్‌కూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ అవతలివాళ్లు భయపడరు.

ఎదురుచూడకూడనివి కూడా ఉంటాయి. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో బరువుగా నొప్పి, గడ్డ రోజుల్లోనే పెరిగి మింగలేకపోవడం, ఆగని రక్తం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన. వీటికి రిపోర్ట్ తేదీతో పనిలేదు, 108 పిలవండి.

ఇంకో ల్యాబ్‌లో చేయించాలా, హైదరాబాద్ పోవాలా

మా అన్న మాట విని సోమవారం బయల్దేరేదాన్నే. ఇక్కడి నుంచి ఎల్బీనగర్ సుమారు వంద కిలోమీటర్లు, 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు బస్సు చార్జీ కూడా లేదు. మా అక్క బిడ్డ ఆపింది. “పోయినంక వాళ్లు అడిగే మొదటి మాట ఏంది చిన్నమ్మా? సూది పరీక్ష రిపోర్ట్ ఏదీ అనే కదా?” నిమ్స్‌కు పోయినా, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోయినా, బీబీనగర్ ఎయిమ్స్‌కు పోయినా అదే. రిపోర్ట్ వచ్చాక అనుమానం ఉంటే అప్పుడు పోవచ్చు, పోయేటప్పుడు స్లైడ్లు, బయాప్సీ అయితే మైనపు దిమ్మెలు అడిగి తీసుకుపోవచ్చు. ఇంకో పాథాలజిస్ట్ అవే స్లైడ్లు చూసి చెప్తారు. మళ్లీ సూది గుచ్చించుకోవడం కంటే ఇదే మంచి రెండో అభిప్రాయం అని చాలామందికి తెలియదు.

ఈలోపు ఇంకో ల్యాబ్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకుందామా అనిపిస్తుంది. వద్దు. నార్మల్ అని పక్కన రాసే అంకెలు సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై ఐదుగురికి సరిపోయేలా పెట్టినవి. అంటే ఏ జబ్బూ లేని మనిషికి, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఒక్కటైనా గీత దాటే అవకాశం నూటికి అరవై పైనే. ఒక భయం తీర్చుకోవడానికి పోయి ఇంకో నల్ల అక్షరాల అంకె ఇంటికి తెచ్చుకుంటాం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష) అయితే అదే మనిషికి తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ ఉంటుంది. రెండు ల్యాబుల్లో రెండు అంకెలు వస్తే ఎవరూ మోసం చేసినట్టు కాదు.

అత్తమ్మ మాత్రం చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడికి మొక్కింది. నన్నూ దండం పెట్టుకోమంది, పెట్టుకున్నాను. నా కొలత ప్రకారం అది పాసయింది, గంట తర్వాత మళ్లీ మొక్కాలనిపించలేదు. ఉపవాసం ఉంటానంటే మాత్రం షుగర్ గోలీలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగాలి.

కవరు ఎవరు విప్పాలి

మంగళవారం పొద్దున 9:40కి రిపోర్ట్ వాట్సాప్‌కు వచ్చింది. డాక్టర్ కూర్చునేది సాయంత్రం ఐదుకు. నేను విప్పాను. ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు, చివర కేటగిరీ 1 అని ఉంది. ఒకటో స్టేజ్ క్యాన్సర్ అనుకున్నాను. షటర్ సగం దించి, మిషన్ మీద తల పెట్టి ఏడ్చాను. మా అక్క బిడ్డ డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తలేదు. పన్నెండున్నరకు తిరిగి చేసి, రిపోర్ట్ చూసి, “స్టేజ్ గాదు చిన్నమ్మా! శాంపిల్ చాలలేదని రాసిన్రు, గంతే” అంది.

థైరాయిడ్ సూది పరీక్షకు బెథెస్డా అని ఆరు కేటగిరీలుంటాయి. ఒకటి అంటే చెప్పడానికి సరిపడా కణాలు రాలేదని, రెండు అంటే మామూలు గడ్డ అని, ఆరు అంటే క్యాన్సర్ అని. మూడు, నాలుగు, ఐదు మధ్యలోవి. రొమ్ము స్కానింగ్‌లో వచ్చే బైరాడ్స్ అంకె కూడా స్టేజ్ కాదు, అనుమానం ఎంత అన్న కొలత. అందులో 3 అని ఉంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు. ఆ అంకె చూసి మూడో స్టేజ్ అనుకుని కూలబడ్డ ఒకావిడను నేనే చూశాను.

కాబట్టి డాక్టర్ అపాయింట్‌మెంట్ అదేరోజు ఉంటే విప్పొద్దు, ఫోన్ వెంట వచ్చే మనిషికి ఇచ్చేయండి. అపాయింట్‌మెంట్ ఇంకా రెండు మూడు రోజుల దూరంలో ఉండి ఆగలేమనుకుంటే, పగటిపూట, చదివి చెప్పగలిగినవాళ్లు లైన్‌లో ఉన్నప్పుడు విప్పండి. రాత్రి పది తర్వాత వచ్చిన పీడీఎఫ్‌ను తెల్లవారేదాకా ముట్టుకోవద్దు.

నాకు కొన్ని వారాల తర్వాత స్కానింగ్‌లో చూస్తూ మళ్లీ సూది గుచ్చారు. మళ్లీ నాలుగు రోజులు. ఈసారి తేదీ, టైం, ఫోన్ నంబర్ రాయించుకుని వచ్చాను. కష్టమైన కటింగ్‌లన్నీ ఆ వారానికే ఆపిపెట్టాను. భయం వేయలేదా అంటే వేసింది, ముఖ్యంగా చివరి రాత్రి. రిపోర్ట్ మా ఆయన ఫోన్‌కు తెప్పించి డాక్టర్ ముందే విప్పించాను. కేటగిరీ 2.

అంతా బాగుందని వచ్చాక కూడా భయం వదలనివాళ్లుంటారు. ఆ ల్యాబ్ తప్పేమో అని ఇంకో ల్యాబ్, గొంతు కాకపోతే కడుపు, ఇట్లా నెలలు తిరుగుతారు. ఆరు నెలలైనా ఇదే తంతయితే అది దానికదే చికిత్స ఉన్న ఇబ్బంది. మాటలతో చేసే సీబీటీ అనే థెరపీ దానికి బాగా పనిచేస్తుంది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్యులుంటారు. అక్కడికి పోతే పిచ్చి అంటారేమో అన్న భయానికి నా దగ్గర మందు లేదు. పోయి వచ్చిన నా కస్టమర్లు ఇద్దరున్నారు, ఇద్దరూ జాకెట్ కొలతలిచ్చేటప్పుడు చెవిలోనే చెప్పారు.

స్కానింగ్ ఏడాది తర్వాత మళ్లీ తీయించమన్నారు. ఆ తేదీ కొలతల పుస్తకం చివరి పేజీలో, కొట్టేసిన ప్రశ్నల కింద రాసుకున్నాను. పట్టు బ్లౌజ్ మేడం మొన్న ఇంకో గుడ్డ తెచ్చింది, ఈసారి డెబ్బై సెంటీమీటర్లే.